అమ్మ ఎడమచేతి కొడవలి

మాది ఆమదాలవలస. రైల్లో వెళ్లేవాళ్లకి మా స్టేషను శ్రీకాకుళం రోడ్డు అనే బోర్డుతో కనిపిస్తుంది. అక్కడి నుంచి నడిచి వస్తే పది నిమిషాల్లో మా ఇల్లు. ఆ ఇంట్లో తూర్పు గదిలో మంచం లేదు, బీరువా లేదు. నాలుగు గోడలకీ చెక్క పట్టీలు, పట్టీలకి మేకులు, మేకులకి కత్తులు. కొడవళ్లు, కత్తిపీటలు, అడకత్తెరలు, గీతకత్తులు, పనసపొట్టు కొట్టే కత్తులు, బొండాలు చెక్కే కత్తులు. యంత్రంలోంచి వచ్చింది వాటిలో ఒక్కటీ లేదు. ప్రతిదీ ఎవరో ఒక కమ్మరి కొలిమిలో కాల్చి, దాగలి మీద సాగగొట్టి, నీళ్లకి తాకించి పదును తెచ్చినదే. ఇరవై రెండేళ్లుగా పోగుచేస్తున్నాను. ఇంటికొచ్చిన చుట్టాల్లో కొందరు ఆ గడప దగ్గరే ఆగిపోతారు. కొందరు లోపలికొచ్చి "ఇన్నెందుకు?" అని అడుగుతారు. ఈ పూట ఆ ప్రశ్నకి జవాబు చెబుదామని వచ్చాను.

మొట్టమొదటిది అమ్మ కొడవలి.

అమ్మ పోయిన ఏడాది, సంక్రాంతికి ఇల్లు బూజులు దులుపుతుంటే అటక మీద గోనెపట్టాలో చుట్టి దొరికింది. నారాయణపురం ఆనకట్ట కాలవ కింద మాకు ఎకరంన్నర పొలం ఉండేది. కోతల రోజుల్లో కూలివాళ్లతో పాటు అమ్మ కూడా వరసలో వంగేది. ఆ కొడవలి తనదే. ఇంకొకరు ముట్టుకుంటే ఊరుకునేది కాదు. గట్టు మీద గడ్డి కోద్దామని దాన్ని పట్టుకెళ్లాను. తెగలేదు. ఎంత లాగినా అంచు గడ్డిని పట్టుకోకుండా జారిపోయింది. మా అన్నయ్య పట్టి చూశాడు. నా భార్య పట్టి చూసింది. ఎవరి చేతికీ లొంగలేదు. మొద్దుబారిందేమో, కక్కులు పెట్టిద్దామని కమ్మరి సాలకి తీసుకెళ్లాను.

కమ్మరి తాత దాన్ని అందుకుని బొటనవేలుతో అంచుకి అడ్డంగా రాసి చూశాడు. వెలుగులోకి ఎత్తాడు. తిప్పాడు, మళ్లీ తిప్పాడు.

"దీనికి కక్కులెందుకు నాయనా, శుబ్బరంగున్నాయి. ఇది ఎడంసేతి కొడవలి. నీ సేతికెలా పడతాది?"

అమ్మది ఎడమచేతి వాటం. అది నాకు తెలియని సంగతి కాదు. చిన్నప్పుడు కొట్టి అలవాటు చేశారు కాబట్టి అన్నం కుడిచేత్తో తినేది, ముగ్గు మాత్రం ఎడంచేత్తోనే పెట్టేది. కానీ కొడవలికి కూడా చెయ్యి ఉంటుందని నలభయ్యో ఏట దాకా నాకు తెలియలేదు. తాత నేల మీద రెండు కొడవళ్లు పక్కపక్కన పెట్టి చూపించాడు. కోత కొడవలి అంచుకి రంపపు పళ్లలాంటి కక్కులుంటాయి కదా, వాటిని సన్నటి ఉలితో ఒక ముఖం మీదే కొడతారు. రెండో ముఖం నున్నగా ఉంటుంది, నూరడం అటువైపు. కొడవలి ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మారితే వంపు ఎదురు తిరుగుతుంది. వంపు సరిపోవాలంటే కొడవలిని బోర్లించాలి. బోర్లిస్తే కక్కుల ముఖం, నున్నటి ముఖం తారుమారవుతాయి. ఇక కోత సాగదు.

అంటే ఒకనాడు ఎవరో ఒక కమ్మరి, ఈవిడది ఎడంచెయ్యి అని గుర్తు పెట్టుకుని, అన్ని కొడవళ్లకీ ఒకవైపు కొట్టే ఉలిని ఈ ఒక్కదానికి అవతలివైపు పెట్టి కొట్టాడు. ఇంటికొచ్చి లెక్కపెట్టాను. నూట అరవై మూడు కక్కులు. ఆ రోజుల్లో కమ్మరికి రొక్కం ఇచ్చేవాళ్లు కాదు. ఏడాదికోసారి కళ్లం దగ్గర మేర కింద ధాన్యం కొలిచేవారు. కోతల ముందు ఊళ్లో కొడవళ్లన్నిటికీ కక్కులు మళ్లీ కొట్టడం, నాగలి కర్రులు కాల్చి సాగదీయడం అన్నీ ఆ మేర కిందకే వచ్చేవి. అమ్మ కొడవలి కూడా ఆ లెక్కలోదే.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మరునాడు ఊళ్లో తెలిసినవాళ్ల ఇళ్లకి వెళ్లి "మీ ఇంట్లో పాత కొడవలి ఉందా, చూపిస్తారా?" అని అడగడం మొదలుపెట్టాను.

ఇప్పుడు ప్రపంచంలో చేత్తో చేసిన కత్తులు పోగుచేసేవాళ్లు చాలామంది ఉన్నారు. కొనేవాడి చేతి కొలత, చెయ్యబోయే పని, ఇష్టపడే కొయ్య అన్నీ కనుక్కుని కత్తి చేసిచ్చే పనివాళ్లు అమెరికాలో, జపాన్‌లో పేరుపొందారు. వాళ్ల చేతి కత్తి కోసం ఏళ్లు ఎదురుచూస్తారు. అలాంటి పనివాళ్లలో పెద్దపేరు బాబ్ లవ్‌లెస్. 2010లో పోయాడు. 1950లలో ఆయన వర్తక నౌకల్లో పనిచేసేవాడు. న్యూయార్క్‌లో ఒక దుకాణానికి వెళ్లి, ఆ కాలంలో పేరున్న రాండాల్ కత్తి కావాలని అడిగితే తొమ్మిది నెలలు ఆగమన్నారు. ఆగలేక, పాత ఇనుము దుకాణంలో 1937 నాటి ప్యాకార్డ్ కారు కమాను పట్టీ ఒకటి సంపాదించి దానితో తనే కత్తి చేసుకున్నాడు. ఆ కథ చదివిన రోజు నేను పరుగున వెళ్లి తాతకి చెప్పాను. తాత దాగలి పక్కన అప్పుడు కూడా లారీ కమాను పట్టీ ముక్కలు నాలుగు పడి ఉన్నాయి. మన కమ్మర్లు కత్తులు చేసేది ఆ ఉక్కుతోనే. చక్రాల కింద ఏళ్ల తరబడి వంగి లేచిన ఉక్కు అది, విరిగే గుణం తక్కువ. ఆకురాయి పాతబడితే దానితో ఇంకా గట్టి అంచు వస్తుంది, ఎందుకంటే అందులో కర్బనం దాదాపు రెట్టింపు. కానీ దాన్ని కాల్చడం తెలియాలి, లేకపోతే గాజులా చిట్లుతుంది.

కత్తి చెయ్యడంలో సుత్తి దెబ్బలే పెద్దపని అనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నాను. తాత సాలలో నాలుగేళ్లు సాయంత్రాలు కూర్చున్నాక తెలిసింది, అసలు పని సుత్తి పక్కన పెట్టాక మొదలవుతుందని. పదును పెట్టే పని తాత పొద్దు వాలాకే చేసేవాడు. ఎండలో ఇనుము ఎరుపు కంటికి ఆనదు. ఇంకా కాలలేదనుకుని ఎక్కువ కాలుస్తాం, ఉక్కు పాడవుతుంది. సాల ముందు తాటాకు పందిరి, పందిరి కింద చీకటి. ఆ చీకట్లో అలుగు మందారపువ్వు రంగుకి రాగానే పటకారుతో తీసి, అంచు మాత్రం నీళ్లకి తాకించేవాడు. వెన్ను ఇంకా కాలుతూనే ఉండేది. వెంటనే అంచుని రాతి మీద నాలుగు రుద్దులు రుద్ది తెల్లగా చేసి, ఊపిరి బిగబట్టి చూసేవాడు. వెన్నులో మిగిలిన వేడి నెమ్మదిగా అంచువైపు పాకుతుంది. తెల్లటి ఉక్కు మీద రంగులు నడిచొస్తాయి. ముందు ఎండుగడ్డి రంగు, దాని వెనక గోధుమ రంగు, తరవాత వంకాయ రంగు, చివరికి నీలం. కూరల కత్తి అయితే గడ్డి రంగు అంచుకి చేరగానే మొత్తం నీళ్లలో ముంచెయ్యాలి. గొడ్డలి అయితే వంకాయ రంగు దాకా ఆగాలి, ఎందుకంటే దానికి దెబ్బ ఓర్చుకోవడం ముఖ్యం. నీలం వచ్చేసిందంటే కత్తికి పనికిరాదు, అది స్ప్రింగు గుణం. ఒక రంగుకీ ఇంకో రంగుకీ మధ్య ఉన్నది రెండు మూడు క్షణాలు. తాత దగ్గర గడియారం లేదు, ఉష్ణమాపకం లేదు.

ఇంకొక మాట చెప్పకపోతే తప్పు. తిత్తి ఊదింది, తరవాత బ్లోయరు వచ్చాక చక్రం తిప్పింది తాత భార్య. ఎదుట నిలబడి సమ్మెట వేసింది కూడా ఆమే. తాత చిన్నసుత్తితో ఎక్కడ తాకిస్తే సరిగ్గా అక్కడ ఆమె సమ్మెట పడేది. నా గదిలో తాత చేసినవి పంతొమ్మిది కత్తులున్నాయి. ఆ పంతొమ్మిదీ ఇద్దరి చేతి పని.

పోగుచేయడం మొదలెట్టిన కొత్తలో నేను చేసిన పొరపాటు, మంచి స్థితిలో ఉన్న కత్తుల వెంట పడడం. అలుగు నిండుగా ఉండాలి, పిడి మెరవాలి. ఆ దృష్టిని మార్చింది శ్రీకాకుళం మార్కెట్లో పనసపొట్టు కొట్టే ఒక అప్ప. చిన్న పనసకాయని ముందు చెక్కు తీసి, ఎడంచేత్తో తిప్పుకుంటూ కుడిచేత్తో కత్తి వేస్తూ ఉంటే మెత్తటి పొట్టు కుప్పగా రాలుతుంది. నిమిషానికి ఎన్ని దెబ్బలు పడతాయో లెక్కపెట్టబోయి నేను మానుకున్నాను. అలుగుకి మధ్యమధ్యలో నువ్వులనూనె రాసుకుంటుంది, లేకపోతే పనస జిగురు పట్టేసి కత్తి కదలదు. ఆమె కత్తి అరిగి అరిగి సగమైంది. నాకది కావాలనిపించింది. "కొత్తది చేయించిస్తాను, ఇది నాకివ్వప్పా" అన్నాను. సరే, ముందు కొత్తది తెమ్మంది.

తాత దగ్గరికి ఆ కత్తి కొలతలు తీసుకెళ్లాను. అరగక ముందు ఎంత వెడల్పు ఉండేదో వెన్ను మందాన్ని బట్టి తాత అంచనా వేసి, కొత్తగా, నిండుగా చేశాడు. చాలా అందంగా వచ్చింది. అప్ప దాన్ని వారం రోజులు వాడి చూసి, మళ్లీ వారం నేను వెళ్లేసరికి గుడ్డలో చుట్టి ఉంచింది. "బాగుంది బాబూ, కానీ నా సెయ్యి కాదు" అంది. పాతది ఇవ్వలేదు.

తాతకి ఈ సంగతి చెబితే బాధపడలేదు. ఆ పాత కత్తిని ఒక్కసారి తెచ్చి చూపించమన్నాడు. అప్ప దాన్ని ఒక మధ్యాహ్నానికి అరువిచ్చింది. తాత దాన్ని రెండువేళ్ల మీద నిలబెట్టాడు. బరువు ఎక్కడ తూగుతుందో చూశాడు. ఇరవై ఏళ్లుగా అంచు అరిగి అరిగి, కత్తి బరువు ముందు నుంచి వెనక్కి, పిడి దగ్గరికి జరిగిపోయింది. ఆమె మణికట్టు ఆ మార్పుకి ఏడాదికి ఇంత అని అలవాటు పడింది. మేం చేసిచ్చిన కొత్త కత్తి, ఇరవై ఏళ్ల కిందటి ఆమె చేతికి సరిపోయే కత్తి. తాత రెండోది చేశాడు. సన్నగా, అరిగిన కొలతకే, వెన్ను మాత్రం పిడివైపు కాస్త మందంగా. అప్ప ఆ రెండోదాన్ని ఉంచుకుని పాతది నాకిచ్చింది. మొదట చేసిన అందమైన కత్తి కూడా నా దగ్గరే ఉంది. మూడింటినీ పక్కపక్కన వేలాడదీశాను. నా గదిలో ఎవరికైనా నేను ముందు చూపించేది ఆ మూడింటినే.

అప్పటి నుంచి నేను అరుగుదల చూస్తున్నాను. కత్తిపీట అంచు ఎక్కడ లోపలికి పోయిందో చూస్తే ఆ ఇంట్లో ఎక్కువ ఏం తరిగారో కొంత చెప్పొచ్చు. ఆకుకూరలు ఎక్కువ తరిగిన ఇంటి కత్తిపీట అంచు పొడుగునా సమంగా అరుగుతుంది. ఏటా ఆవకాయకి టెంకతో కాయలు కొట్టిన ఇంట్లో అయితే కింది భాగంలో, పీటకి దగ్గరగా అరుగుతుంది, ఎందుకంటే బలం అక్కడ దొరుకుతుంది. పైనున్న కొబ్బరికోరు పళ్లు మొండివారితే ఆ ఇంట్లో పిల్లలు ఎక్కువని మా అత్తయ్య అనేది, కొబ్బరి ఉండలు చేసేవాళ్లని. గీతకత్తి సంగతి వేరు. మా వైపు యాతలు, శ్రీశయనులనే సెగిడీలు తాటిచెట్టు గెల కొసని పల్చటి పొరలుగా కోస్తారు, రోజూ. కోత కొంచెం మందంగా పడినా గెల తొందరగా అయిపోతుంది. అందుకే ఆ కత్తి మంగలికత్తిలా ఉండాలి. రాతి మీద నూరితే చాలదు, చెక్క మీద పలుగురాతి పొడి చల్లి దాని మీద రాస్తారు. నా దగ్గరున్న గీతకత్తుల్లో ఒకటి రెండువేళ్ల వెడల్పు మిగిలింది. అది ఎన్నిసార్లు చెట్టెక్కి దిగిందో.

పక్కనున్న పొందూరుకి ఒక మాటు వెళ్లినప్పుడు నాకు కక్కులు మళ్లీ గుర్తొచ్చాయి. అక్కడ ఖద్దరు వడికే ఆడవాళ్లు పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి శుభ్రం చేస్తారు. ఆ దవడ మీద సన్నటి పళ్లు ఉంటాయి. కొలిమి లేకుండా, ఉలి లేకుండా వచ్చిన కక్కులు. ఒక దవడ అడిగి తెచ్చుకున్నాను. అది కత్తి కాకపోయినా అమ్మ కొడవలి పక్కనే పెట్టాను.

ఇక ఉక్కు. ఈ పిచ్చిలో పడ్డవాళ్లు ఎవరైనా ఏదో ఒకనాడు ఉక్కు అనే మాట దగ్గరికి వస్తారు. యూరపువాళ్లు వూట్జ్ అని పిలిచిన ఉక్కుకి ఆ పేరు మన దక్షిణాది ఉక్కు అనే మాట నుంచే వెళ్లిందని చాలామంది పండితుల అభిప్రాయం. తెలంగాణలో నిజామాబాదు వైపు కోనసముద్రం అనే ఊళ్లో మట్టి మూసల్లో ఇనుము కరిగించి ఈ ఉక్కు చేసేవారు. పర్షియా వర్తకులు అక్కడిదాకా వచ్చి, దగ్గరుండి సరుకు చేయించుకుని తీసుకెళ్లేవారని హెన్రీ వోయ్‌సీ అనే ఆయన రాసిన వ్యాసం 1832లో అచ్చయింది. దక్షిణాదిలో కొన్నిచోట్ల మూసలో ఇనుముతో పాటు తంగేడు కట్టె, జిల్లేడు ఆకులు వేసేవాళ్లట. మన చేలగట్ల మీద పెరిగే తంగేడు, జిల్లేడూ కర్బనంగా మారి ఆ ఉక్కులోకి చేరాయన్నమాట. లండన్‌లో జేమ్స్ స్టోడార్ట్ అనే కత్తుల పనివాడు ఈ ఉక్కుతో శస్త్రచికిత్స కత్తులు చేసి, ఇది యూరపు ఉక్కు కంటే మేలని తన దుకాణం కార్డు మీద అచ్చు వేసుకున్నాడు. అతనితో కలిసి మైకేల్ ఫారడే ఈ ఉక్కు రహస్యం పట్టుకుందామని ప్రయోగాలు చేశాడు. విద్యుత్తు పరిశోధనలకి పేరుపొందిన ఆ ఫారడేయే. ఆయన తండ్రి కమ్మరి. ఆ ఉక్కు కత్తుల మీద కనిపించే నీటి అలల్లాంటి చారలు ఎలా వస్తాయో 1990లలో గాని తేలలేదు. అమెరికాలో జాన్ వెర్‌హోవెన్ అనే ఆచార్యుడూ, గుర్రాలకి నాడాలు వేసే ఆల్ఫ్రెడ్ పెండ్రే అనే కమ్మరీ కలిసి పనిచేశారు. ఖనిజంలో పిసరంత కలిసి ఉన్న వనాడియం లాంటి మూలకాల వల్ల ఆ చారలు ఏర్పడతాయని చూపించారు. ఆ ఆచార్యుడి పక్కన ఆ కమ్మరి పేరు కూడా వ్యాసం మీద అచ్చయింది. అది తలుచుకుంటే నాకు ఎంతో సంతోషం.

ఆ చారల మోజులో నేను ఒకసారి దెబ్బతిన్నాను. ఒక పెద్ద ఊళ్లో ఎగ్జిబిషన్లో ఆ చారలుండే డమాస్కస్ కత్తి అని చెప్పి అమ్మితే, రెండు నెలల పింఛను పోసి కొన్నాను. తాత దాన్ని చూసి ఏమీ అనకుండా గరుకు కాగితంతో ఒక మూల రుద్దాడు. చారలు చెరిగిపోయాయి. చారలు నిజమైనవైతే రుద్దితే మసకబారినా, ఆమ్లం తగిలితే మళ్లీ పైకి తేలతాయి, ఎందుకంటే అవి లోహం లోపలే ఉంటాయి. నేను కొన్నదాని మీద అవి పైపూత. చేత్తో చేసిన కత్తులు కొనాలనుకునే కుర్రవాళ్లకి నేను చెప్పేది ఒకటే, ముందు ఒక కమ్మరి సాలలో ఆరు నెలలు కూర్చోండి, తరవాత కొనండి.

హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో జహంగీరు బాకు, నూర్జహాన్ పళ్లు కోసుకునే కత్తి ఉన్నాయి. పిడి నిండా రత్నాలు. మూడో సాలార్‌జంగ్, 1949లో పోయేదాకా, పెళ్లి కూడా చేసుకోకుండా వస్తువులు పోగుచేస్తూనే ఉన్నాడు. ఆ కత్తుల ముందు నేనూ చాలాసేపు నిలబడ్డాను. అయితే నా మనసుకి దగ్గరైనది పుణేలో చూసిన రాజా దినకర్ కేళ్కర్ మ్యూజియం. కేళ్కర్ జమీందారు కాదు, కుటుంబానికి కళ్లద్దాల వ్యాపారం. ఊరూరా తిరిగి దీపాలు, తాళాలు, వంటింటి సామాను పోగుచేశాడు. అక్కడ అడకత్తెరలకే ప్రత్యేకంగా చోటు ఉంది. చిలకలు, గుర్రాలు, ఆలుమగలు, ఎన్ని ఆకారాలో. చిన్నతనంలోనే పోయిన కొడుకు రాజా పేరు దానికి పెట్టి, మొత్తం ప్రభుత్వానికి అప్పగించాడు. ఆ బోర్డు మీద రాజా అనే పేరు చదివి నేను బయట మెట్ల మీద కాసేపు కూర్చుండిపోయాను.

నా కోసం చేయించుకున్నది ఒకే ఒక కత్తి. తాత చేసిన ఆఖరి కత్తుల్లో అదొకటి. అరచేతిలో తడిమట్టి ముద్ద పెట్టి "గట్టిగా పట్టు బాబూ" అన్నాడు. నా వేళ్ల అచ్చు పడిన ఆ ముద్దని ఎండబెట్టుకుని, దాన్ని చూస్తూ పిడి కొలత కట్టాడు. పిడి మొదట్లో వేసే పొన్ను ఇత్తడిది కావాలని నేను పట్టుబట్టాను. సారవకోట మండలంలో బుడితి మాకు దగ్గరే. ఇత్తడి, కంచు పనికి ఆ ఊరికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. పొన్ను అక్కడ పోయించాను. పిడికి కొమ్ము కోసం పర్లాకిమిడి వెళ్లాను. నౌపడాలో గుణుపూరు బండి ఎక్కితే టెక్కలి, పాతపట్నం దాటాక పర్లాకిమిడి వస్తుంది. ఒడిశాలో ఉన్నా వీధుల్లో తెలుగు కూడా వినిపిస్తుంది. గేదె కొమ్ముతో కొంగలు, దువ్వెనలు చేసే పనివాళ్లు తరతరాలుగా ఉన్నారు. కొమ్ముకి కొబ్బరినూనె రాసి సెగ చూపిస్తే మెత్తబడి చెప్పిన మాట వింటుంది. అలా వంచి, చల్లారాక మెరుగు పెట్టిచ్చారు. పాత కత్తుల మీద దుప్పికొమ్ము పిడి చూసి అది కావాలని అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం దాన్ని ఒప్పదు, నా మనసూ ఒప్పదు. గేదె కొమ్ము దానికి ఏమాత్రం తీసిపోదు.

చట్టం మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్పేస్తాను. ఆయుధాల చట్టం 1959 కింది నియమాల్లో, అలుగు 9 అంగుళాల పొడవు మించినా, 2 అంగుళాల వెడల్పు మించినా, ఇంటి పనికో వ్యవసాయానికో చేసింది కాకపోతే ఆ కత్తి ఆయుధాల లెక్కలోకి వస్తుంది. బొబ్బిలి, విజయనగరం వైపు పాత ఇళ్లలో 1757 యుద్ధం నాటివని చెప్పే కత్తులు నాకు ఇవ్వజూపినవాళ్లున్నారు. నేను తీసుకోలేదు. చట్టానికి భయపడే కాదు. మనిషిని కొట్టడానికి చేసిన కత్తి నా గదిలోకి రాకూడదని మొదటినుంచీ నాకొక నియమం.

మా ఊరి పక్కన దన్నానపేటలో పెద్ద బండరాయి కప్పిన రాక్షసగుడి ఉంది. ఇనుము కొత్తగా వాడకంలోకి వచ్చిన కాలం నాటి సమాధి. దక్షిణదేశంలో ఇలాంటి సమాధులు తవ్వినచోట పోయిన మనిషి పక్కన కుండలతో పాటు ఇనుప కత్తులు, కొడవళ్లు, గొడ్డళ్లు దొరికాయి. ఎవరి పనిముట్టు వాళ్లతో పంపించేవారన్నమాట. ఆ బండ కింద నీడలో నిలబడినప్పుడు నాకు అమ్మ గుర్తొస్తుంది. ఆ కొడవలిని ఆమెతో పంపించలేదు. పొరపాటున ఉండిపోయింది. పంపించి ఉంటే ఎడంసేతి కొడవలి ఒకటి ఉంటుందని నాకెప్పటికీ తెలిసేది కాదు.

తాత ఇప్పుడు లేడు. సాలలో ఆయన కొడుకు వెల్డింగు పనులు, గ్రిల్సు చేస్తున్నాడు. వరి ఇప్పుడు యంత్రాలు కోస్తున్నాయి, కొడవలి అడిగేవాళ్లు తగ్గారు. అయినా దసరాకి నేను కత్తులన్నీ దించి, తుడిచి, బొట్టు పెట్టే రోజు అతను తప్పకుండా వస్తాడు. తండ్రి చేసిన పంతొమ్మిదీ ఒక్కొక్కటిగా చేతిలోకి తీసుకుంటాడు. కిందటేడు వాటిలో ఒకదాన్ని ఒకరోజుకి ఇంటికి తీసుకెళ్లి, అలాంటిదే ఇంకొకటి చేసి తెచ్చాడు. అంచు కొంచెం ఎక్కువ కాలింది. ఈ ఏడు మళ్లీ చేస్తానన్నాడు.

నా గదిలో ఒక మేకు ఖాళీగా ఉంది. అది చెరుకు కత్తి కోసం. ఆమదాలవలసలో పంచదార ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో చుట్టుపక్కల ఊళ్లన్నీ చెరుకే. నరికే మనిషి ఎత్తుని బట్టి, చెరుకుని నేలబారున నరకడానికి వంగే తీరుని బట్టి ఆ కత్తులు చేసేవాళ్లని తాత చెప్పేవాడు. ఫ్యాక్టరీ మూతపడింది, చెరుకు పోయింది, కత్తులు పాత ఇనుము బండికి వెళ్లిపోయాయి. ఇన్నేళ్లలో నాకు ఒక్కటీ దొరకలేదు.

ఈ మాటలు వింటున్న ఇళ్లలో ఎక్కడైనా, అటక మీదో పశువులశాల చూరులోనో, అలాంటి కత్తి ఉంటే అమ్మెయ్యకండి. నాకు ఇవ్వాలని కూడా లేదు, ఒక్కసారి చూపిస్తే చాలు, ఎంత దూరమైనా నేనే వస్తాను. తుప్పు పట్టి ఉంటే గీకకండి. పొడిగుడ్డతో తుడిచి, పలచగా ఆముదం రాసి, గాలి తగిలేచోట ఉంచండి. అది ఎవరు పట్టిన కత్తో, ఏ చేత్తో పట్టేవారో ఒక చీటీ మీద రాసి పిడికి కట్టండి. ఇంట్లో పెద్దవాళ్లు ఉన్నారు కదా, ఈ రాత్రికే అడిగి రాయండి.